నీటిచుక్క లేకుండా పారే ఉప్పు

వానాకాలంలో ఉప్పు జాడీ మూత తీస్తే అడుగున నీరు ఊరి ఉంటుంది. ఉప్పు కరిగిపోయింది అంటాం. అదే ఉప్పును వేరుశనగలు వేయించే బండి దగ్గర చూడండి. సాయంత్రమంతా మూకుట్లో మంట మీదే ఉంటుంది. గింజలు వేగి దిగుతుంటాయి, ఉప్పు మాత్రం రేణువులుగానే మిగులుతుంది. జాడీలో అంత తేలిగ్గా కరిగినది మూకుట్లో ఎందుకు కరగదు?

తెలుగులో రెండు వేర్వేరు పనులకు "కరగడం" అనే ఒక్క మాటే వాడుతున్నాం. నీళ్లలో పంచదార కరగడం ఒకటి, వేడికి నెయ్యి కరగడం ఇంకొకటి. మొదటిదానికి మరో ద్రవం తోడు కావాలి. రెండోదానికి తోడు అక్కర్లేదు, పదార్థం తానే ద్రవమవుతుంది. జాడీలో ఉప్పు గాలిలోని తేమను పట్టుకుని ఆ తేమలో కరిగింది. నెయ్యిలా తనంతట తాను కరగాలంటే దానికి 801 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. మూకుడు ఆ దరిదాపులకు కూడా పోదు.

ఈ తేడా పట్టుకుంటే అయానిక ద్రవాలు సగం అర్థమైనట్టే. అవి ఉప్పునీళ్లు కావు. ఒక్క చుక్క నీరు కలవకుండా, మామూలు గది వేడిమిలోనే కరిగిన నెయ్యిలా ఉండే లవణాలు. సీసాలో చూస్తే కొన్ని నీళ్లలా తేటగా, కొన్ని తేనెలా చిక్కగా ఉంటాయి. చాలావాటికి వాసన ఉండదు. 100 డిగ్రీల లోపు కరిగే లవణం ఏదైనా అయానిక ద్రవమే అని శాస్త్రవేత్తలు ఒక గీత గీసుకున్నారు. ఆ గీతకు లోతైన కారణమేమీ లేదు. నీరు మరిగే వేడిమి కాబట్టి గుర్తుపెట్టుకోవడానికి సులువు, అంతే.

వీటిమీద ఆసక్తి ఎందుకు ఇంతగా పెరిగిందో, పెరిగిన ఆసక్తి ఎక్కడ ఫలించిందో, ఎక్కడ మాటలకే పరిమితమైందో విడదీసి చూడాలని ఈ ప్రయత్నం. అయానిక ద్రవాల గురించి రాసేవాళ్లు ముందుగా చెప్పేది "ఆవిరి కాదు, కాబట్టి పర్యావరణానికి మంచిది" అని. ఆ వాక్యంలో మొదటి సగం చాలామటుకు నిజం. రెండో సగం మొదటిదానినుంచి దానంతటది రాదు. గందరగోళమంతా ఆ "కాబట్టి"లోనే ఉంది.

ఇటుకలు, గొడుగులు

ఉప్పులో సోడియం అయాను ధనావేశంతో, క్లోరైడ్ అయాను ఋణావేశంతో ఉంటాయి. రెండూ చిన్నవి, రెండూ గుండ్రటివి. లారీలో ఇటుకలు పేర్చినట్టు ఒకదాని పక్కన ఒకటి సందు లేకుండా సర్దుకుంటాయి. దగ్గరగా ఉన్నకొద్దీ విద్యుదాకర్షణ బలంగా ఉంటుంది. ఆ పేర్పును కదిలించడానికే అంత వేడి కావాలి.

ఇటుకల బదులు గొడుగులు, చీపుళ్లు, బిందెలు కలిపి ఒకే లారీలో వేయమంటే? ఎంత ఓపిగ్గా సర్దినా సందులు మిగులుతాయి, కుదుపుకి కదులుతాయి. అయానిక ద్రవాల కిటుకు అదే. ధన అయానుగా సోడియం బదులు ఇమిడజోలియం లాంటి పెద్ద సేంద్రియ వలయాన్ని తీసుకుంటారు. దానికి ఒకవైపు పొట్టి కార్బన్ తోక, మరోవైపు కొంచెం పొడుగు తోక తగిలిస్తారు. ఆవేశం ఒక్క బిందువు దగ్గర కాకుండా వలయమంతా పరుచుకుంటుంది. ఎదుటి ఋణ అయాను కూడా బొద్దుగా, ఆవేశం పలచగా పరుచుకున్నదై ఉంటుంది. ఇలాంటివి స్ఫటికంగా సర్దుకోలేవు. ఆకర్షణ పోలేదు, పేర్చడం కుదరలేదు. అందుకే ద్రవం. ఆ ఆకర్షణ పోలేదు కాబట్టే ఒక్కొక్క జంట ద్రవాన్ని విడిచి గాలిలోకి ఎగరడమూ కష్టం. కరగడం సులువై ఆవిరవడం కష్టమైన ఈ విచిత్ర జోడింపు మామూలు ద్రవాల్లో కనిపించదు.

తోక పొడవు మారిస్తే చిక్కదనం మారుతుంది. ఋణ అయాను మారిస్తే నీళ్లతో కలిసే ద్రవం కాస్తా నీళ్లతో కలవకుండా పొరగా విడిపోతుంది. ధన అయాన్ల జాబితా ఒకటి, ఋణ అయాన్ల జాబితా ఒకటి పెట్టుకుని జతలు కలుపుతూ పోతే కనీసం 10 లక్షల సరళమైన అయానిక ద్రవాలు సాధ్యమని బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ యూనివర్సిటీ రసాయన శాస్త్రవేత్త కెనెత్ సెడన్ అంచనా కట్టారు. పరిశ్రమలో మామూలుగా వాడే సాల్వెంట్లు, అంటే ఇతర పదార్థాలను కరిగించుకునే ద్రవాలు, కొన్ని వందలే. దర్జీ కొలతలు తీసుకుని కుట్టినట్టు, చేయాల్సిన పనిని బట్టి ద్రవాన్ని రూపొందించుకోవచ్చన్నమాట. నా దృష్టిలో అసలు ఆకర్షణ ఇది. ఆవిరి కాకపోవడం దీని తర్వాతే.

రీగా నుంచి టెక్సాస్ దాకా

1914లో పాల్ వాల్డెన్ ఇథైల్ అమ్మోనియం నైట్రేట్ అనే లవణాన్ని వర్ణించాడు. అది 12 డిగ్రీలకే కరుగుతుంది. లాట్వియాలో పుట్టి రీగాలో పనిచేసిన ఈ రసాయన శాస్త్రవేత్తకు కొత్త సాల్వెంట్ కనిపెట్టాలన్న ఉద్దేశం లేదు. కరిగిన లవణాల్లో విద్యుత్ ఎలా పోతుందో కొలవాలి. వందల డిగ్రీల వేడిలో కొలతలు తీయడం యాతన కాబట్టి తక్కువ వేడికి కరిగే లవణాలు వెతికాడు. ఆ పరిశీలన దశాబ్దాలపాటు ఎవరికీ పట్టలేదు.

వాల్డెన్ ద్రవం తయారీలో రహస్యమేమీ లేదు. ఒక ఆమ్లం, ఒక క్షారం కలిస్తే లవణం వస్తుందని బడిలోనే చదువుకుంటాం. ఆ లవణం ద్రవంగా ఉండటమే విశేషం. చీమలు కూడా ఈ పని చేస్తాయని 2014లో బయటపడింది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నిప్పు చీమలకూ గోధుమరంగు వెర్రి చీమలకూ బద్ధవైరం. నిప్పు చీమ విషం ఒంటిమీద పడగానే వెర్రి చీమ తన ఫార్మిక్ ఆమ్లాన్ని ఒళ్లంతా పూసుకుని ఆ విషాన్ని విరిచేస్తుంది. విషంలోని ఆల్కలాయిడ్లు క్షారాలు. ఆ రెండూ కలిసి చీమ ఒంటిమీద ఏర్పడే జిగురు ద్రవం అయానిక ద్రవమేనని రసాయన శాస్త్రవేత్తలు తేల్చారు. ప్రకృతిలో దొరికిన మొదటి అయానిక ద్రవంగా దాన్ని చెప్పుకుంటారు.

1951లో టెక్సాస్‌లోని రైస్ ఇన్‌స్టిట్యూట్‌లో హర్లీ, వీర్ అనే ఇద్దరు ఇథైల్ పిరిడినియం బ్రోమైడ్‌కు అల్యూమినియం క్లోరైడ్ కలిపి గది వేడిమిలోనే ద్రవం చేశారు. అల్యూమినియం పూత పూయడం వాళ్ల అవసరం. అల్యూమినియాన్ని నీళ్లలోంచి పూత పూయలేం. విద్యుత్ పెట్టగానే ముందు నీరే విరిగి హైడ్రోజన్ వస్తుంది. నీరే లేని ద్రవమైతే ఆ ఇబ్బంది లేదు. 1960ల నుంచి అమెరికా ఎయిర్‌ఫోర్స్ అకాడమీ ఇదే దారిలో నడిచింది. క్షిపణుల్లో వాడే థర్మల్ బ్యాటరీల లోపల ఉప్పు వందల డిగ్రీల వేడిలో కరిగి ఉంటుంది. తక్కువ వేడిలో పనిచేసేది కావాలని వాళ్ల తపన. 1982లో అక్కడి జాన్ విల్క్స్ బృందం ఇమిడజోలియం, అల్యూమినియం క్లోరైడ్ కలయికను ప్రకటించింది.

ఈ ద్రవాలన్నిటికీ ఒకే జబ్బు. గాలిలో తేమ తగిలితే పాడైపోయి హైడ్రోజన్ క్లోరైడ్ పొగలు కక్కుతాయి. తేమ చొరబడని గ్లవ్ బాక్స్ ఉన్న ప్రయోగశాలలోనే వాటితో పని. 1992లో విల్క్స్, జవరోట్కో కలిసి టెట్రాఫ్లోరోబోరేట్ లాంటి ఋణ అయాన్లతో గాలికీ నీటికీ చెక్కుచెదరని ద్రవాలు చేసి చూపించారు. అప్పటినుంచి ఏ కాలేజీ ల్యాబ్‌లోనైనా బల్ల మీద సీసా పెట్టుకుని పనిచేసే వీలు కలిగింది. 1999లో బెల్‌ఫాస్ట్‌లో సెడన్ చొరవతో పరిశ్రమల భాగస్వామ్యంతో క్విల్ అనే పరిశోధన కేంద్రం మొదలైంది. హైదరాబాద్ తార్నాకలోని ఐఐసీటీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ)లో జె.ఎస్. యాదవ్ బృందం 2000 తర్వాత ఈ ద్రవాల్లో చేసిన సేంద్రియ చర్యల మీద వరసగా పత్రాలు వెలువరించింది. అప్పట్లో పేరున్న రసాయన పత్రిక ఏది తెరిచినా బ్యూటైల్ మిథైల్ ఇమిడజోలియం అనే ధన అయాను పేరు కనిపించేది.

ఆవిరి కాకపోవడం వరమా?

2024 ఆగస్టు 21న అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం సెజ్‌లోని ఒక మందుల ఫ్యాక్టరీలో గొట్టంలోంచి కారిన సాల్వెంట్ ఆవిరి అంటుకుని పేలింది. 17 మంది చనిపోయారు. మందుల తయారీలో వాడే సరుకు బరువులో నీటిని పక్కనపెడితే సింహభాగం సాల్వెంట్లదే. టోలుయీన్, మిథనాల్, అసిటోన్, ప్లాంటు భాషలో ఎండీసీ అని పిలిచే డైక్లోరోమీథేన్. పటాన్‌చెరు నుంచి పరవాడ దాకా షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు ఈ వాసనలు నిత్యం తెలిసినవే. వాసన వస్తోందంటే ఆవిరి ముక్కుదాకా చేరిందని అర్థం. ముక్కుకు చేరినది నిప్పురవ్వకూ చేరుతుంది. కాబట్టి ఆవిరి కాని, తేలిగ్గా అంటుకోని ద్రవం అన్న మాట మన ప్రాంతానికి పుస్తకాల్లో విషయం కాదు, ప్రాణాల విషయం.

అయితే అదే ప్లాంటులో ఇంకో మూల సాల్వెంట్ రికవరీ విభాగం ఉంటుంది. వాడేసిన మిథనాల్‌ను మరిగించి, ఆవిరిని చల్లబరిచి, శుభ్రమైన మిథనాల్‌ను మళ్లీ డ్రమ్ములకు ఎక్కిస్తారు. మలినాలు అడుగున మిగిలిపోతాయి. ఆవిరవుతుంది కాబట్టే దాన్ని శుభ్రం చేసి తిరిగి రాబట్టుకోగలుగుతున్నాం. అయానిక ద్రవంతో ఈ పని తలకిందులవుతుంది. అది ఆవిరి కాదు కాబట్టి, దానిలో చేరిన ప్రతి మలినాన్నీ బయటికి లాగాలి. ఆవిరయ్యే మలినమైతే సరే. తారులా మిగిలేదైతే? మరో ఉప్పు అయితే? వరమని చెప్పుకున్న గుణమే రికవరీ దగ్గరికొచ్చేసరికి తలనొప్పిగా మారుతుంది.

పైగా "అస్సలు ఆవిరి కాదు" అన్నది కూడా పూర్తి నిజం కాదు. కొన్ని అయానిక ద్రవాలను దాదాపు శూన్యంలో, బాగా వేడి చేసి, చెడిపోకుండా డిస్టిల్ చేయవచ్చని 2006లో సెడన్ కూడా ఉన్న బృందమే చూపించింది. మామూలు ప్లాంటులో అది అక్కరకొచ్చే పద్ధతి కాదు. అయినా ఏళ్ల తరబడి పత్రాల మొదటి పేరాలో వల్లించిన వాక్యాన్ని ఆ రంగంలోనివాళ్లే సరిదిద్దుకోవడం నాకు గొప్పగా అనిపిస్తుంది.

పర్యావరణం సంగతి ఇంకా చిక్కు. గాలిలోకి పోకపోతే చాలదు, నీళ్లలోకీ మట్టిలోకీ పోకూడదు. మొదటి తరంలో అందరూ వాడిన హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ ద్రవాలు నీరు తగిలి వేడెక్కితే విరిగి హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఇస్తాయి. అది గాజును తినేస్తుంది, ఎముకదాకా దిగుతుంది. ఇమిడజోలియం తోక పొడవు పెరిగేకొద్దీ నీటి జీవులకు విషం పెరుగుతుందని పరీక్షల్లో తేలింది. పొడుగు తోక ఉన్న అయాను సబ్బు అణువులా ఉంటుంది, కణం పొరలోకి దూరి దాన్ని చెడగొడుతుంది. 2018లో ఇంగ్లండ్ న్యూకాసిల్ పరిశోధకులు ఒక చెత్త డంపు దగ్గరి మట్టిలో ఎనిమిది కార్బన్ల తోకగల మిథైల్ ఇమిడజోలియం అయానును కనుక్కున్నారు. ఒకరకం కాలేయ వ్యాధికి అది ప్రేరకం కావచ్చన్న అనుమానాన్నీ ముందుకు తెచ్చారు. అది ఇంకా అనుమానమే, రుజువు కాదు. ఆ అయాను మట్టిలో దొరికిందన్నది మాత్రం వాస్తవం. ఫ్లోరిన్ నిండిన ఋణ అయాన్లయితే ఏళ్ల తరబడి విరగని "శాశ్వత రసాయనాల" కోవలోకి వస్తాయి.

కాబట్టి "అయానిక ద్రవాలు మంచివా, చెడ్డవా" అన్న ప్రశ్నకు జవాబు లేదు. 10 లక్షల ద్రవాలకు కలిపి ఒకే గుణగణాలు ఎలా ఉంటాయి? ఏ ద్రవం, ఎంత వాడతారు, అందులో ఎంత తిరిగొస్తుంది. ఈ మూడూ అడగాలి. మూడోది ముఖ్యం.

ఫ్యాక్టరీలో నిలబడినవి

పరిశ్రమలో నెగ్గిన ఉదాహరణలు చూస్తే ఆ మూడో ప్రశ్న ఎంత నిర్ణాయకమో తెలుస్తుంది. అన్నిటికంటే ముచ్చటైనది జర్మనీ రసాయన కంపెనీ బీఏఎస్ఎఫ్ 2002 ప్రాంతంలో లుడ్విగ్స్‌హాఫెన్‌లో మొదలుపెట్టిన బేసిల్ ప్రక్రియ. మన బల్క్ డ్రగ్ ప్లాంట్లలో పనిచేసినవాళ్లు దీన్ని ఇట్టే పోల్చుకుంటారు.

సిరాలూ పూతలూ అతినీలలోహిత కాంతితో గట్టిపడేలా చేసే పదార్థాలకు ముడిసరుకైన ఫాస్ఫరస్ సమ్మేళనాలు అక్కడ తయారయ్యేవి. చర్యలో హైడ్రోజన్ క్లోరైడ్ పుడుతుంది. దాన్ని పట్టేయడానికి ట్రైఇథైల్ అమీన్ వేసేవారు. రెండూ కలిస్తే తెల్లటి ఘన లవణం. రియాక్టర్‌లో ఉన్నదంతా ఇడ్లీపిండిలా చిక్కబడి కలపడానికి రాదు, వడపోత ఒక పట్టాన తెమలదు. ఆ లవణాన్ని, అంటే టీఈఏ (ట్రైఇథైల్ అమీన్) హైడ్రోక్లోరైడ్‌ను, సెంట్రిఫ్యూజ్‌లో వడకట్టినవాళ్లకు ఆ బాధ వివరించనక్కర్లేదు.

బీఏఎస్ఎఫ్ రసాయన శాస్త్రవేత్తలు ట్రైఇథైల్ అమీన్ తీసేసి మిథైల్ ఇమిడజోల్ వేశారు. ఇప్పుడూ లవణమే వస్తుంది. కానీ అది సుమారు 75 డిగ్రీలకు కరుగుతుంది, చర్య దానికి కాస్త పైన జరుగుతుంది. పిండి లేదు, వడపోత లేదు. కదపడం ఆపితే పైన సరుకు, కింద అయానిక ద్రవం, నూనె నీళ్లలా రెండు పొరలు. కింది పొరను వంపేసి, కాస్టిక్ సోడా కలిపితే మిథైల్ ఇమిడజోల్ తిరిగొస్తుంది, మళ్లీ రియాక్టర్‌కు పోతుంది. పైగా అది ఉత్ప్రేరకంగానూ పనిచేసి చర్యను పరుగెత్తించింది. పెద్ద రియాక్టర్ బదులు బొటనవేలంత జెట్ రియాక్టర్ సరిపోయింది. దిగుబడి 50 శాతం నుంచి 98 శాతానికి చేరింది. ఘనమీటరుకు గంటకు 8 కిలోలుండే ఉత్పాదకత 6,90,000 కిలోలైంది. ఈ చివరి అంకె మొదటిసారి చదివినప్పుడు అచ్చుతప్పేమో అనుకుంటారు. అచ్చుతప్పు కాదు.

ఇక్కడ అయానిక ద్రవాన్ని ఎవరూ డ్రమ్ముల్లో కొని తెచ్చి పోయలేదు. ఎలాగూ పుట్టే వ్యర్థ లవణాన్నే ద్రవంగా పుట్టేలా చేసుకున్నారు. దాన్ని విరిచి తిరిగి వాడుకునే దారి ముందే ఆలోచించారు. ఇది విని మన దగ్గరి ప్రాసెస్ కెమిస్టులు ఒక్కసారైనా తమ వడపోతల వైపు చూసుకోవాలని నా కోరిక.

పెట్రోలు ఆక్టేన్ పెంచడానికి రిఫైనరీల్లో ఆల్కైలేషన్ అనే దశ ఉంటుంది. దశాబ్దాలుగా దానికి ఉత్ప్రేరకం సల్ఫ్యూరిక్ ఆమ్లం, లేదంటే హైడ్రోజన్ ఫ్లోరైడ్. 2019 జూన్‌లో అమెరికా ఫిలడెల్ఫియా రిఫైనరీలో పేలింది హైడ్రోజన్ ఫ్లోరైడ్ వాడే అలాంటి యూనిటే. అమెరికా చమురు కంపెనీ షెవ్రాన్ తన సాల్ట్ లేక్ సిటీ రిఫైనరీలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ యూనిట్‌ను అయానిక ద్రవంతో నడిచేలా మార్చి 2021లో ప్రారంభించింది. చైనాలో ఇదే పనికి వేరే అయానిక ద్రవ ప్రక్రియ అంతకుముందే వచ్చింది. రెండింటిలోనూ వాడేది క్లోరోఅల్యూమినేట్, అంటే అల్యూమినియం క్లోరైడ్‌తో 1951లో టెక్సాస్‌లో పుట్టిన కుటుంబమే. తేమ తగిలితే చెడిపోతుందని ల్యాబ్‌లు పక్కనపెట్టినది రిఫైనరీకి ఇబ్బంది కాలేదు. అక్కడ అన్నీ మూసిన ఉక్కు గొట్టాలే, లోపలికి పంపే హైడ్రోకార్బన్లను ఎలాగూ ఆరబెట్టే పంపుతారు.

మలేషియా చమురు కంపెనీ పెట్రోనాస్ సహజ వాయువులోంచి పాదరసం తీయడానికి బెల్‌ఫాస్ట్ పరిశోధకులతో కలిసి రాగి ఉన్న అయానిక ద్రవాన్ని సూక్ష్మరంధ్రాల గుళికల్లోకి ఇంకించింది. పాదరసం కొంచెమున్నా గ్యాస్ ప్లాంటులోని అల్యూమినియం పరికరాలను తొలిచేస్తుంది. ల్యాబ్ నుంచి పూర్తిస్థాయి ప్లాంటుకు నాలుగేళ్లు పట్టింది, ఈ రంగంలో అది మెరుపు వేగం. లిండే కంపెనీ హైడ్రోజన్ వాహనాల బంకుల్లో వాడే కంప్రెసర్‌లో ఉక్కు పిస్టన్ బదులు అయానిక ద్రవపు స్తంభం వాయువును నొక్కుతుంది. ద్రవం హైడ్రోజన్‌లోకి ఆవిరి కాదు, హైడ్రోజన్ ద్రవంలో ఇంచుమించు కరగదు. ఇక రోదసి. 2015 డిసెంబరులో ఎగిరిన లీసా పాత్‌ఫైండర్ ఉపగ్రహంలో నాసా అమర్చిన సూక్ష్మ థ్రస్టర్లు అయానిక ద్రవాన్ని విద్యుత్‌క్షేత్రంతో తుంపరలుగా చిమ్మి మైక్రోన్యూటన్ల నెట్టుడు ఇచ్చాయి. మామూలు ద్రవమైతే శూన్యంలో మూతి దగ్గరే ఆవిరైపోయేది.

చూడండి, వీటన్నిటిలో ద్రవం ఒక పెట్టెలోనో గుళికలోనో స్థిరంగా ఉంటుంది, లేదా మూసిన చుట్టులో తిరుగుతుంది. ఉపగ్రహంలో మాత్రం బయటికి పోతుంది, కానీ ఆ పోయేది చాలా కొద్ది. టన్నులకొద్దీ సాల్వెంట్‌కు బదులుగా అయానిక ద్రవాన్ని పోసి నెగ్గిన ఉదాహరణ ఈ వరసలో ఒక్కటీ లేదు.

కోళ్లదాణా, యూరియా

ధర తగ్గించే దారి ఒకటి 2003లో ఇంగ్లండ్‌లోని లెస్టర్ నుంచి వచ్చింది. ఆండ్రూ అబ్బాట్ బృందం ఒక పాలు కోలిన్ క్లోరైడ్‌కు రెండు పాళ్లు యూరియా కలిపింది. పాళ్లంటే అణువుల లెక్కలో. కోలిన్ క్లోరైడ్ ఒక్కటే అయితే 302 డిగ్రీల దాకా కరగదు, యూరియా 133 డిగ్రీలకు కరుగుతుంది. రెండు తెల్లటి పొడులూ కలిపి కొంచెం వేడిచేసి తిప్పితే తేట ద్రవమై, 12 డిగ్రీల దాకా చల్లబరిచినా గడ్డకట్టదు. వీటికి డీప్ యూటెక్టిక్ ద్రావణులని పేరు. ఇందులో యూరియా అయాను కాదు కాబట్టి కచ్చితంగా మాట్లాడితే ఇది అయానిక ద్రవం కాదు, దగ్గరి చుట్టం.

పేర్లు విని బెదరనక్కర్లేదు. యూరియా ఏ రైతు ఇంట్లోనైనా బస్తాల్లో ఉంటుంది. కోలిన్ క్లోరైడ్ కోళ్ల దాణాలో కలిపేదే. తణుకులోనో షాద్‌నగర్ వైపో కోళ్లఫారం నడిపేవాళ్లకు తెలిసిన సరుకు. లోహపు పూతలు, పాత బ్యాటరీల నుంచి లోహాలు తీయడం, మొక్కల నుంచి సారం తీయడం లాంటి పనులకు వీటిని పరీక్షిస్తున్నారు. పరికరాలకు డబ్బులేని డిగ్రీ కాలేజీ ల్యాబ్ కూడా రేపే మొదలుపెట్టగల పరిశోధన ఇది.

మందుల వైపు ఇంకో ఆసక్తి ఉంది. మందుల్లో దాదాపు సగం లవణాల రూపంలోనే అమ్ముతారు. ఘన స్ఫటికం ఒక రూపంనుంచి మరో రూపంలోకి మారిపోతే కరిగే తీరు మారి మందు పనిచేయదు. 1998లో హెచ్ఐవీ మందు రిటోనవిర్ గుళికలను ఈ కారణానికే మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. మందునే ద్రవ లవణంగా చేస్తే స్ఫటికమే ఉండదు కదా అన్నది ఆలోచన. కోలిన్‌నూ, సుగంధ తైలాల నుంచి వచ్చే జెరానిక్ ఆమ్లాన్నీ కలిపి చేసిన ద్రవంలో ఇన్సులిన్ పెట్టి ఎలుకలకు నోటి ద్వారా ఇచ్చి రక్తంలో చక్కెర తగ్గించినట్టు సమీర్ మిత్రగోత్రి బృందం 2018లో ప్రకటించింది. ఎలుక నుంచి మనిషికి దూరం చాలా ఉంది.

చెట్టు నుంచి చీర దాకా

టన్నులకొద్దీ అయానిక ద్రవం వాడక తప్పని రంగం ఒకటుంది. అక్కడే అసలు పరీక్ష. చెట్టు గుజ్జు నుంచి నూలు తీయడం.

చెక్కలోనూ పత్తిలోనూ ఉన్నది సెల్యులోజ్. దాని గొలుసులు హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి ఎంత గట్టిగా పట్టుకుంటాయంటే నీళ్లలోనూ మామూలు సాల్వెంట్లలోనూ కరగవు. కరగవు కాబట్టే వానకు చెట్టు కరిగిపోవడం లేదు, ఉతికితే పంచె కరిగిపోవడం లేదు. రేయాన్ తీయాలంటే మాత్రం కరిగించాలి. విస్కోస్ పద్ధతిలో కాస్టిక్ సోడా, కార్బన్ డైసల్ఫైడ్ వేసి గుజ్జును రసాయనికంగా మార్చి కరిగిస్తారు, తర్వాత ఆమ్లంలోకి పిండి దారం తీస్తారు. కార్బన్ డైసల్ఫైడ్ నరాలను దెబ్బతీసే విషం, ఇట్టే అంటుకునే ద్రవం. మన దగ్గర ములుగు జిల్లా కమలాపురంలో రేయాన్ గుజ్జు ఫ్యాక్టరీ ఉండేది. చెట్టు నుంచి బట్ట దాకా పోయే ఈ దారిలో మొదటి మజిలీ తెలుగు నేలమీద ఉండేదన్నమాట. అది మూతపడి పదేళ్లు దాటింది.

సెల్యులోజ్‌ను కరిగిన సేంద్రియ లవణంలో కరిగించవచ్చని 1934లోనే చార్లెస్ గ్రెనాకర్ పేటెంట్ పొందాడు. ఎవరూ పట్టించుకోలేదు. 2002లో అమెరికా అలబామా యూనివర్సిటీలో రాబిన్ రోజర్స్ బృందం బ్యూటైల్ మిథైల్ ఇమిడజోలియం క్లోరైడ్‌లో సెల్యులోజ్ నేరుగా కరుగుతుందని చూపించింది. క్లోరైడ్ అయాన్లు గొలుసుల మధ్యకు దూరి, హైడ్రోజన్ బంధాలను తమవైపు తిప్పుకుంటాయి. ఒక్కొక్క గొలుసూ విడివడి ద్రవంలో తేలుతుంది. ఆ ద్రవాన్ని నీళ్లలోకి వదిలితే నీరు అయాన్లను లాక్కుపోతుంది, గొలుసులు మళ్లీ పెనవేసుకుని దారమవుతాయి. సెల్యులోజ్ రసాయనికంగా మారదు. కరిగి, మళ్లీ గట్టిపడుతుంది, అంతే. మొదట్లో చెప్పుకున్న రెండు రకాల కరగడాలూ ఇక్కడ ఒకే గిన్నెలో కలుస్తాయి. లవణం తనంతట తాను కరిగి ఉంటుంది, దానిలో చెట్టు కరుగుతుంది.

ఫిన్లాండ్‌లో ఆల్టో యూనివర్సిటీ, హెల్సింకీ యూనివర్సిటీ దీన్ని అయాన్‌సెల్ పేరుతో దారం తీసే పద్ధతిగా మలిచాయి. బర్చ్ చెట్టు గుజ్జు నుంచి అలా తీసిన నూలుతో నేసిన గౌనును 2018 డిసెంబరులో ఆ దేశ స్వాతంత్ర్య దినోత్సవ విందుకు అప్పటి దేశాధ్యక్షుడి భార్య జెన్ని హౌకియో ధరించారు. చిరిగిన పత్తి బట్టలను కరిగించి కొత్త నూలుగా తీయడం కూడా ఈ పద్ధతిలో చేసి చూపించారు. నేతగాళ్ల ఊళ్లున్న మన రాష్ట్రాలకు ఆ రెండోది మరీ దగ్గరి విషయం.

ఇప్పుడు లెక్క చూద్దాం. అయాన్‌సెల్ ద్రావణంలో సెల్యులోజ్ సుమారు 13 శాతం, మిగిలిందంతా దాదాపు అయానిక ద్రవమే. అంటే కిలో నూలుకు ఆరున్నర కిలోలకు పైగా ద్రవం చుట్టులో తిరగాలి. ప్రతి చుట్టులో 99 శాతం తిరిగొస్తోందని సంబరపడితే, కిలో నూలుకు 67 గ్రాముల ఖరీదైన లవణం పోతున్నట్టు. 99.9 శాతం తిరిగొస్తే 7 గ్రాములకు దిగుతుంది. పోయినది డబ్బు లెక్కలోనే కాదు, కడిగిన నీటితోపాటు ఏటిలోనో నూలులోనో చేరుతుంది.

తిరిగి రాబట్టడమూ తేలిక కాదు. దారం గట్టిపడాలంటే నీళ్లు కావాలి, అంటుకున్న లవణం వదలాలంటే మళ్లీ మళ్లీ కడగాలి. చివరికి చేతికొచ్చేది నీళ్లు విపరీతంగా కలిసిన అయానిక ద్రవం. అది ఆవిరి కాదు కాబట్టి ఆ నీటినంతటినీ ఆవిరి చేసి పంపాలి. ఆ ఆవిరికి ఇంధనం కావాలి. అంతసేపు నీటితో కలిసి వేడెక్కుతూ ఉంటే ద్రవమే మెల్లగా విరుగుతుంది. అయాన్‌సెల్‌లో మొదట వాడిన డీబీఎన్ అసిటేట్ అనే అయానిక ద్రవానికి ఇదే జరిగింది. దారం అద్భుతంగా వచ్చింది, కానీ రికవరీలో నీటి దెబ్బకు దాని వలయం తెగిపోతూ వచ్చింది. అందుకని పరిశోధకులు సెల్యులోజ్‌ను అంతే బాగా కరిగిస్తూ నీటిని ఇంకాస్త తట్టుకునే ఎంటీబీడీ అసిటేట్ అనే మరో అయానిక ద్రవం వైపు మళ్లారు. ఈసారి ద్రవాన్ని ఎంచేటప్పుడు వాళ్లు చూసుకున్నది దారం ఎంత బాగా వస్తుందని ఒక్కటే కాదు. నీళ్లలోంచి తిరిగొచ్చిన ద్రవం మర్నాడు మళ్లీ చెట్టును కరిగించగలదా అని కూడా.